రిపోర్టులన్నీ నార్మలే, మరి ఈ నొప్పులేంటి? మాజీ సైనికులకు పనికొచ్చే గడియారం పద్ధతి

నమస్కారమండీ. మన వైజాగ్‌లో మల్కాపురం, సింధియా, గాజువాక వైపు ఏ వీధికెళ్లినా నేవీలో చేసి రిటైరైనవాళ్లు తగులుతారు. కొందరిళ్లల్లో బీరువాలో ఒక లావుపాటి ఫైలుంటుంది. థైరాయిడ్, బి12, విటమిన్ డి, నడుముకి ఎమ్మారై, గుండెకి రెండుసార్లు ఎకో స్కాన్. అన్నీ నార్మల్. మనిషికి మాత్రం ఒళ్లంతా నొప్పులు, నిస్సత్తువ, నిద్రలేమి, మాట మధ్యలో పేరు గుర్తురాకపోవడం. ఇంట్లోవాళ్లు "అన్నీ బాగున్నాయంటన్నారు గదా, మరింకేటండీ?" అంటారు. ఆయన దగ్గర జవాబుండదు.

రిపోర్టు నార్మల్ వచ్చిందంటే నొప్పి అబద్ధమని కాదండీ. స్కాన్ ఎముకనీ కండనీ చూపిస్తుంది. నరాలు ఆ నొప్పి కబురుని ఎంత పెద్దది చేసి మోస్తున్నాయో అందులో పడదు.

1990-91 గల్ఫ్ యుద్ధానికి అమెరికా నుంచి దాదాపు 7 లక్షలమంది వెళ్లారు. తిరిగొచ్చాక చాలామందిలో ఇవే బాధలు కనిపించాయి. 1998లో సీడీసీ అనే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పరిశోధకులు ఈ జబ్బుని గుర్తించడానికి ఒక కొలమానం పెట్టారు: అలసట, కీళ్లు-కండరాల నొప్పులు, మనసు-జ్ఞాపకశక్తి ఇబ్బందులు, ఈ మూడు గుంపుల్లో కనీసం రెండింటి నుంచి లక్షణాలు 6 నెలలకి పైగా ఉండాలి. ఆ తర్వాత ఇలాంటి బాధలున్న 1,092 మంది గల్ఫ్ యుద్ధ మాజీ సైనికులకి మాటల వైద్యం (ఆలోచననీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే సీబీటీ), వ్యాయామం, రెండూ కలిపి, మామూలు వైద్యం అని నాలుగు రకాలుగా ఇచ్చి చూశారు. 2003లో ఫలితాలొచ్చాయి. ఏడాది తర్వాత ఒంటి పనితీరు మెరుగైనవాళ్లు మామూలు వైద్యంలో నూటికి 11, 12 మంది, సీబీటీ అందుకున్నవాళ్లలో 18 మంది. చిన్న లాభమే. మొత్తం నయం చేస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి. కింద చెప్పే నడక, నిద్ర, సమస్యని విడగొట్టే పద్ధతులు ఇలాంటి సీబీటీలో నేర్పేవే.

అసలు చిక్కు మరోచోట ఉంది. సైన్యంలో చేసినవాళ్లకి బద్ధకం అడ్డు రాదు, పట్టుదలే అడ్డొస్తుంది. కాస్త బాగున్న రోజున ఇల్లంతా కడిగేసి, ట్యాంకు శుభ్రం చేసి, సాయంత్రం బీచ్ రోడ్డంతా నడిచేస్తారు. మర్నాటి నుంచి మూడు రోజులు మంచమే. అలా ఆరు నెలలు నడిస్తే ఒళ్లు ఇంకా బలహీనపడుతుంది, కదిలితే నొప్పే అని మెదడు నేర్చేసుకుంటుంది.

ఓడలో వాచ్ గుర్తు తెచ్చుకోండి. నాలుగు గంటలవగానే రిలీవర్ వస్తాడు. మీరు అలసిపోయారని కాదు, టైమయిందని. ఇక్కడా అంతే. నొప్పి చూసి ఆగడం కాదు, గడియారం చూసి ఆగాలి.

ఎలా లెక్కేయాలంటే, వారంలో మూడు వేర్వేరు రోజులు నడిచి, బాధ పెరగడం మొదలయ్యే నిమిషాలు రాసుకోండి. 18, 10, 14 అనుకుందాం. సగటు 14. అందులో అయిదో వంతు తీసేస్తే సుమారు 11 నిమిషాలు. రోజూ అంతే. ఒళ్లు బాగుంటే 11, బాగాలేకపోయినా 11, కాకపోతే నెమ్మదిగా. రానుపోను కలిపి 11 అండోయ్! అయిదున్నర నిమిషాలకే వెనక్కి తిరగాలి. బీచ్‌లో స్నేహితులు "ఇంకొంచెం, వైఎంసీఏ దాకా రా" అని లాక్కెళితే ఆ వారం లెక్క పోయినట్టే. వారం సాఫీగా గడిస్తేనే ఒక నిమిషం పెంచండి. మామూలు కన్నా బాగా తిరగబెట్టిన రోజుల్లో మాత్రం సగానికి దించండి, పూర్తిగా మానేయొద్దు.

ఒక హెచ్చరిక. కొంచెం శ్రమ చేసినా మర్నాడో ఎల్లుండో పూర్తిగా కుప్పకూలిపోయేవాళ్లు ఉంటారు. వాళ్లు నిమిషాలు పెంచుకుంటూ పోకూడదు. ఎంఈ/సీఎఫ్‌ఎస్ అనే ఆ దీర్ఘకాలిక అలసట జబ్బుకి అలా పెంచే వ్యాయామం వద్దని, వైద్య మార్గదర్శకాలిచ్చే బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021లో చెప్పింది.

నిద్ర సంగతి. తొమ్మిది గంటలు మంచం మీదుండి ఆరు గంటలే నిద్రపోతుంటే, మంచం మీద గడిపే సమయాన్నే ఆరు గంటలకి కుదించాలి. రాత్రి 11:30 నుంచి పొద్దున్న 5:30 దాకా. ఆదివారమైనా 5:30కే లేవాలి. మంచం మీదున్న సమయంలో నూటికి 85 వంతులు నిద్రపడితే వారానికి 15 నిమిషాలు కలపండి. మొదటి పదిరోజులు పగలు తూగొస్తుంది, బండి నడిపేవాళ్లు జాగ్రత్త. గట్టిగా గురకపెట్టేవాళ్లు, మూర్ఛ లేదా బైపోలార్ ఉన్నవాళ్లు సొంతంగా ఇది మొదలుపెట్టొద్దు. నిద్రమాత్రలు ఒక్కసారిగా ఆపొద్దు.

ఇక సమస్యని విడగొట్టడం. "నొప్పి పోవాలి" అంటే ఎక్కడ పట్టుకోవాలో తెలీదు. "ఎంవీపీ రైతు బజార్లో పది కిలోల కూరలు మోయలేకపోతున్నాను" అంటే దొరికింది. మంచీ చెడ్డా చూడకుండా అరడజను దారులు రాయండి: వారానికి రెండుసార్లు అయిదేసి కిలోలు, చక్రాల సంచి, అబ్బాయితో తెప్పించుకోవడం, మధ్యలో బెంచీ మీద కూర్చోవడం... ఒకటి ఎంచుకుని వారం చేసి చూడండి. పనిచేయకపోతే రెండోది. ఇంట్లోవాళ్లు గంటకోసారి "నొప్పెలా ఉంది?" అనడం మాని, "ఈరోజు 11 నిమిషాలయ్యాయా?" అని అడిగితే చాలు.

డాక్టరు ఒక్కరే ఉండాలి. నొప్పొచ్చినప్పుడల్లా కాకుండా, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ముందే అనుకున్న తేదీకి వెళ్లాలి. నొప్పికొక టెస్టు రాయించుకుంటే ఏదో ఒక చిన్న తేడా దొరుకుతుంది, దాని వెనకాల ఇంకో మూడు నెలలు పోతాయి. కానీ ఛాతీనొప్పి, ఉన్నట్టుండి కాలో చెయ్యో పట్టుతప్పడం వస్తే తేదీ చూడకుండా అప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం పడటం, విడవని జ్వరం ఉన్నా వాయిదా వేయొద్దు.

ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్‌లో "నొప్పులకి రిఫరల్" అంటే మళ్లీ ఎముకల డాక్టరు దగ్గరికే పంపొచ్చు. "ఆరు నెలలుగా నొప్పులు, నిద్రలేమి, పరీక్షలు నార్మల్, క్లినికల్ సైకాలజిస్టుని కలవాలి" అని కాగితం మీద రాసి ఇవ్వండి. వెళ్లినచోట సైకాలజిస్టుకి ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, అందులో మొహమాటమేం లేదు. ఈలోగా తెలుగులో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, కాల్ ఉచితం. ఫైలు పక్కన పెట్టి, రెండు వారాల నడక నిమిషాలు, నిద్ర గంటలు రాసిన ఒక్క కాగితం చేతిలో ఉంచుకోండి. సైకాలజిస్టు మొదట అడిగేది అదే.