పత్రికలో ఒక ప్రకటన, ఇరవై మైళ్ళ నడక

శ్రోతలకు నమస్కారం. కొండల్లో నడవడానికి ఓ సంఘం ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. కాళ్ళు మనవి, కొండ ఎదురుగా ఉంది, ఇక చందా, కార్యదర్శి, కార్యక్రమ పట్టిక దేనికి? ఈ ప్రశ్నకు జవాబు ఇంగ్లండులో, ఉక్కుకూ కత్తులకూ పేరుపడిన షెఫీల్డు నగరంలో 1900లో పుట్టిన ఒక చిన్న సంఘం చరిత్రలో దొరుకుతుంది. దాని పేరు షెఫీల్డ్ క్లారియన్ రాంబ్లర్స్. శ్రామికులు ఆదివారాలు కలిసి నడవడానికి పెట్టుకున్న సంఘాల్లో అది తొలితరానిది.

దాన్ని స్థాపించిన జి. హెచ్. బి. వార్డ్‌కు అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. ఆయన ఇంజనీరింగ్ కార్ఖానాలో ఫిట్టరు, సోషలిస్టు. ఆ రోజుల్లో షెఫీల్డులో కత్తులు సానబట్టే పనివారు తిరిగే సానరాయి మీదికి వంగి రోజంతా పనిచేసేవారు. రాతిధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని చాలామంది వయసు మీరకుండానే చనిపోయేవారు. నగరానికి పడమరన పీక్ జిల్లా కొండలు ఉన్నా, వాటిని చేరడం చాలాకాలం పాటు సులువుగా ఉండేది కాదు. టాట్లీ దగ్గర కొండను తొలిచి అయిదున్నర కిలోమీటర్లకు పైబడిన సొరంగం వేసి, 1894లో ప్రయాణికుల రైళ్ళు నడపడం మొదలుపెట్టాక, పనివాడు కూడా ఆదివారం ఉదయం రైలెక్కి కొండ మొదట్లో ఉన్న ఈడేల్ స్టేషన్లో దిగగలిగాడు. ఇలాంటి సంఘాల పుట్టుక గురించి చెప్పేటప్పుడు అందరూ ఆదర్శాలను తలుచుకుంటారు గాని, రైలుకూ వారానికి ఒక్క రోజు సెలవుకూ దక్కవలసిన వాటా దక్కడం లేదని నా అభిప్రాయం.

రాబర్ట్ బ్లాచ్‌ఫర్డ్ 1891లో ప్రారంభించిన సోషలిస్టు వారపత్రిక పేరు క్లారియన్. పీక్ జిల్లాలోని కిండర్ స్కౌట్ అనే కొండ చుట్టూ నడవడానికి రావలసిందిగా వార్డ్ అందులో ఒక ప్రకటన వేయించారు. 1900 సెప్టెంబరు 2, ఆదివారం నాడు, స్త్రీలతో కలిపి పద్నాలుగు మంది బయలుదేరారు. ఈడేల్ నుంచి జేకబ్స్ లాడర్ అనే నిటారు బాట ఎక్కి, అవతలి వైపు హేఫీల్డుకు దిగి, అక్కడి నుంచి విలియం క్లఫ్ అనే వాగులోయ వెంట మళ్ళీ పైకెక్కి, స్నేక్ సత్రం మీదుగా హోప్ గ్రామం చేరారు. అది దాదాపు ఇరవై మైళ్ళ నడక.

దారి మొత్తం చెప్పడానికి కారణముంది. వాళ్ళు కొండ చుట్టూ తిరిగారే తప్ప పైకి వెళ్ళలేదు. 636 మీటర్ల ఎత్తున ఉన్న ఆ విశాలమైన నల్లరేగడి లాంటి బురదమైదానం ఒకప్పుడు ఉమ్మడి భూమి; పంతొమ్మిదో శతాబ్దంలో అది భూస్వాముల సొంతమై, గ్రౌస్ అనే కొండకోళ్ళ వేటకు మాత్రమే కేటాయించబడింది. అక్కడ అడుగుపెట్టినవారిని కాపలాదారులు వెళ్ళగొట్టేవారు. వీరు నడిచిన హేఫీల్డు, స్నేక్ సత్రాల మధ్య బాట సైతం ఊరికే దక్కినది కాదు. 1894లో ఏర్పడిన కాలిబాటల పరిరక్షణ సంఘం భూస్వాములతో మాట్లాడి ఒప్పించిన మీదట, అంతకు మూడేళ్ళ ముందే, 1897లో, అది ప్రజలకు తెరుచుకుంది. ఆగస్టు 12న మొదలయ్యే వేటకాలం అప్పటికి సాగుతూనే ఉంది, అయితే ఆదివారం వేట చట్టరీత్యా నిషిద్ధం. కనుక ఆ ఒక్కరోజు ఆ లోయలో తుపాకుల మోత ఉండదు.

ఆ నడక తర్వాత సంఘం నిలదొక్కుకుంది. అది నిలవడానికి ముఖ్య కారణం వార్డ్ ఏటేటా వెలువరించిన చేతిపుస్తకం అని నేననుకుంటాను. మొదట ఏడాది నడకల పట్టికగా మొదలై, క్రమంగా చొక్కా జేబులో పట్టే పుస్తకమైంది. ఏ తేదీన ఏ స్టేషనుకు చేరాలి, ఏ దారిన నడవాలి, ఎవరు ముందుండి నడిపిస్తారు అన్న వివరాలతో పాటు, పాత కాలిబాటల చరిత్ర, కొండలకూ వాగులకూ ఉన్న స్థానిక నామాలు, పద్యాలు, సూక్తులు అందులో ఉండేవి. నడకరి అయినవాడు మెరుగైన మనిషి అన్నది సంఘం నినాదం. అందులో కాస్త పంతులుగారి ధోరణి ఉన్నమాట నిజమే. కాని అదే వార్డ్ పాత దస్తావేజులు వెతికి, పల్లెల్లోని వృద్ధులను అడిగి, ఏ బాట మీద ఎప్పటి నుంచి జనం నడిచేవారో రాసిపెట్టేవారు. దారి మూసేసిన భూస్వామిని నిలదీయడానికి సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యాన్ని ఏళ్ళ తరబడి ఓపికగా పోగుచేయడం ఒంటరి బాటసారికి సాధ్యమయ్యే పని కాదు. మొదట వేసుకున్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే.

1932 ఏప్రిల్ 24న బెన్నీ రోత్‌మన్ నాయకత్వంలో వందలాది యువకులు హేఫీల్డు నుంచి బయలుదేరి, అదే విలియం క్లఫ్ వెంట నడిచి, హద్దు దాటి కిండర్ పైకి ఎక్కారు. అయిదుగురికి జైలుశిక్ష పడింది. 1949లో జాతీయ ఉద్యానవనాల చట్టం వచ్చింది. 1951లో పీక్ జిల్లా బ్రిటన్‌లో మొదటి జాతీయ ఉద్యానవనమైంది. ఆ నేలల మీద స్వేచ్ఛగా తిరిగే హక్కు మాత్రం 2000 నాటి చట్టంతో గాని రాలేదు.

వార్డ్ 1957 వరకు జీవించారు. అంతకు ముందే, 1945లో, నడక సంఘాలవారు చందాలు వేసుకుని లూజ్ హిల్ అనే కొండ మీద కొంత నేల కొని ఆయనకు బహూకరించారు. ఆయన దాన్ని తన పేర ఉంచుకోకుండా, ప్రజల కోసం భూములను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు అప్పగించారు. ఆ స్థలాన్ని అక్కడివారు నేటికీ వార్డ్స్ పీస్ అనే పిలుస్తారు.