చివరి చూపుకి ఒక్క పీపీఈ కిట్

నమస్కారం. కోవిడ్‌లో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లలో ఇవాళ్టికీ ఒక మాట వినిపిస్తుంది: "చివరి చూపు కూడా దక్కలేదండీ." బెడ్డు కోసం తిరిగిన తిరుగుడు మర్చిపోయినవాళ్లు కూడా ఇది మర్చిపోలేదు.

అసలు అప్పటి నిబంధనల్లో ఏముందో చూడండి. 2020 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ మృతదేహాల గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. సిబ్బంది మృతదేహం ఉన్న బ్యాగు జిప్పు ముఖం దాకా తీసి బంధువులకు చూపించవచ్చు. ముట్టుకోకూడదు. దూరం నుంచి మంత్రాలు చదవవచ్చు, తీర్థం చల్లవచ్చు. అంటే పోయాక ముఖం చూడటానికి కాగితం మీద దారి ఉంది. మరి ప్రాణం ఉండగా? జూన్ 19న సుప్రీంకోర్టు, రోగి తరఫున ఒకరిని ఆసుపత్రి ఆవరణలో, కేటాయించిన చోట ఉండనివ్వమంది. హెల్ప్‌డెస్క్ పెట్టమంది. మంచి ఆదేశమే. కానీ ఆవరణలో కూర్చోవడం వేరు, మంచం పక్కన నిలబడటం వేరు. లోపలికి పంపాలా వద్దా అనేది చాలాచోట్ల ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్ల మనసు మీదే ఆధారపడింది.

వీడియో కాల్ ఉంది కదా అంటారు. జులై చివర్లో కేంద్రం కూడా వార్డుల్లో ఫోన్లు అనుమతించమని రాష్ట్రాలకు రాసింది. అది చాలామందికి ఊరటనిచ్చింది, కాదనను. కానీ ఐసీయూలో ఆ కాల్ ఎలా ఉంటుంది? ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఫోన్‌ని నర్సు గ్లవ్స్ వేసుకున్న చేత్తో పట్టుకుంటుంది. ఆక్సిజన్ హోరు. ఇవతల కూతురు "నాన్నా, నేను, వినపడుతోందా" అని అరుస్తుంటుంది. ఆయన కళ్లు ఫోన్ వైపు ఉన్నాయో లేదో కూడా తెలియదు. పక్క బెడ్డు మానిటర్ మోగితే నర్సు పరిగెత్తాలి. ఆ నర్సుని తప్పుపట్టే పనే లేదు.

మొదట్లో భయానికి కారణం ఉంది. మార్చి, ఏప్రిల్‌లో డాక్టర్లకే పీపీఈ కిట్లు, అంటే వైరస్ సోకకుండా ఒంటినిండా వేసుకునే రక్షణ దుస్తులు, చాలలేదు. కానీ మే నాటికే మన దేశంలో రోజుకు లక్షల కిట్లు తయారయ్యాయి. కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల బిల్లుల్లో పీపీఈ పేరుతో వేలకు వేలు వేశారు. రోగి డబ్బుతో అన్ని కిట్లు కొన్నప్పుడు, రోగి భార్యకి ఒక్కటి ఇవ్వలేకపోయారా? నాకు ఇక్కడే కోపం వస్తుంది.

బ్రిటన్‌లో 2020 మార్చి చివర్లో 13 ఏళ్ల పిల్లవాడు లండన్ ఆసుపత్రిలో ఇంటివాళ్లు పక్కన లేకుండానే చనిపోయాడు. దేశం కదిలిపోయింది. ఏప్రిల్ 15న ఆరోగ్య మంత్రి మాట్ హాంకాక్, వీలైన ప్రతిచోటా దగ్గరివాళ్లకు వీడ్కోలు చెప్పే అవకాశం ఇస్తామని ప్రకటించారు. అక్కడ కూడా అంతటా సవ్యంగా జరిగిందని చెప్పను. కానీ మాట పైనుంచి రావడంతో, గేటు దగ్గర బతిమాలేవాళ్లకు చూపించడానికి ఒక ఆధారం దొరికింది.

మన రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ చివరి చూపుకి ఒక నిబంధనని ఇప్పుడే, అంతా మామూలుగా ఉన్నప్పుడే రాయాలి. ఆశ లేదని డాక్టరుకి అనిపించిన వెంటనే ఇంటికి ఫోన్ వెళ్లాలి. ఒక్కరికి కిట్ వేసి, పదిహేను నిమిషాలు లోపలికి పంపాలి. తులసి తీర్థం పోయడం కుదరకపోతే చేయి పట్టుకోనివ్వాలి, గ్లవ్స్‌తోనే. కుదరదంటే ఎందుకో సంతకం పెట్టి రాసివ్వాలి. ఈ నిబంధన ఉన్న కాగితం తెలుగులో, గేటు దగ్గరే అంటించి ఉండాలి.