ఎవడు కడతాడని వేశావు?

సభలోని పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

పోకర్ గురించి మాట్లాడతానన్నప్పుడు కొందరు మొహం చిట్లించారు. ఆ భయం సరైనదే. పేకాటలో పొలాలు పోయిన ఇళ్లు మనందరికీ తెలుసు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి పోకర్, రమ్మీ ఆడటాన్ని మన ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నాకూ అదే మంచిదనిపిస్తుంది. అందుకే ఈ సంచిలో చింతపిక్కలు తెచ్చాను. ఈ లెక్క నేను మొదట నేర్చుకున్నదీ వీటితోనే, ఇక్కడే విశాఖ మహారాణిపేటలో, మా మావయ్యగారింటి అరుగు మీద.

తుపాను ముసురుకు బడి మూసేస్తే మావయ్య పేకదస్తా తీసేవారు. నాకు కాస్త మంచి ముక్క వస్తే చాలు, పిక్కలు ముందుకు తోసేదాన్ని. ఆయన ముక్కలు పడేసేవారు, లేదంటే కట్టి గెలిచేవారు. ఓ రోజు నా మణికట్టు పట్టుకుని ఆపారు. "ఏటమ్మా, ఎవడు కడతాడని ఏసినావు?" అన్నారు. నాకు జవాబు తోచలేదు. లెక్కల టీచరునయ్యాక, హెరాల్డ్ కూన్ అనే గణితవేత్త 1950లో ప్రచురించిన మూడు ముక్కల పోకర్ చదివినప్పుడు ఆ ప్రశ్నకు జవాబు దొరికింది.

ఆట చాలా చిన్నది. జాకీ, దానికంటే పెద్దది రాణి, అన్నిటికంటే పెద్దది రాజు, మూడే ముక్కలు. ఇద్దరు ఆటగాళ్లు. మధ్యలో తలో పిక్క పెట్టి, తలో ముక్క తీసుకుంటారు. ముందున్నవాడు ఇంకో పిక్క వేయొచ్చు, అంటే బెట్. లేదా ఏమీ వేయకుండా వంతు వదలొచ్చు, అంటే చెక్. అతను వేస్తే రెండోవాడు కడతాడు, అంటే తనూ ఇంకో పిక్క పెడతాడు, లేదా ఆట వదులుకుని ముక్క పడేస్తాడు. అతను చెక్ అంటే బెట్ వేసే అవకాశం రెండోవాడికి వస్తుంది, అప్పుడు కట్టాలా పడేయాలా అన్నది ముందువాడి వంతు. ఎవరూ పడేయకపోతే పెద్ద ముక్కదే గెలుపు.

మీకు రాణి వచ్చిందనుకోండి. వేద్దామా? అవతలివాడి దగ్గర జాకీ ఉంటే పడేస్తాడు, అది ఎలాగూ మీరు గెలిచే ఆటే. రాజు ఉంటే సంతోషంగా కడతాడు, మీకు ఇంకో పిక్క పోతుంది. మీకంటే తక్కువ ముక్క కట్టదు, ఎక్కువ ముక్క పడేయదు. మరి ఆ పందెం దేనికి? రాణికి చెక్ చేయడమే సరి. పైగా మీరు చెక్ అంటే జాకీ ఉన్నవాడికి బ్లఫ్ చేయాలన్న, అంటే ఒట్టి ముక్కతో బుకాయించి వేయాలన్న ఆశ పుడుతుంది, మీ ముక్క విలువ అప్పుడు తెలుస్తుంది.

వేయాల్సింది రాజుతో. వింతేమిటంటే, అప్పుడప్పుడు జాకీతోనూ వేయాలి. రాజుతో మాత్రమే వేసే మనిషిని రెండు రోజుల్లో అందరూ పసిగట్టేస్తారు. ఆపైన రాణి ఉన్నవాడు ఒక్కసారి కూడా కట్టడు. ఎన్నిసార్లు బ్లఫ్ చేయాలో కూడా కూన్ లెక్క కట్టాడు. ముందువాడు చెక్ అంటే, రెండోవాడు రాజుతో ప్రతిసారీ, జాకీతో మూడింట ఒకసారి వేయాలి. అప్పుడు రాణి పట్టుకున్నవాడి స్థితి చూడండి. మధ్యలో మూడు పిక్కలు, కట్టాల్సింది ఒకటి. నాలుగుసార్లు కడితే సగటున మూడుసార్లు ఒక్కో పిక్క పోతుంది, ఒకసారి మూడు వస్తాయి. కట్టినా పడేసినా ఒకటే! నాకు ఈ లెక్క ఇప్పటికీ అందమైన పద్యంలా అనిపిస్తుంది.

ఇది కూన్ ఒక్కడి ఆలోచన కాదు. గణితవేత్త జాన్ ఫాన్ నాయ్‌మన్ 1944లో ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి ప్రచురించిన గ్రంథంలోనూ పోకర్ నమూనా ఉంది. పోకర్‌లో చేయి అంటే చేతికొచ్చిన ముక్కలు. అక్కడా బెట్ వేసేది బాగా గట్టి చేతులతో, బాగా ఒట్టి చేతులతో. మధ్యరకం చేయి చెక్ చేస్తుంది.

కూన్ ఆటలో ఇద్దరూ తప్పు లేకుండా ఆడినా ముందు మాట్లాడేవాడు 18 ఆటలకు సగటున ఒక పిక్క పోగొట్టుకుంటాడు. ముక్కలు అందరికీ సమానమే, నష్టమంతా ముందు నోరు విప్పినందుకే. మన ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల వేలం చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ఎక్కువమంది ఆడే అసలు పోకర్‌లో తలో రెండు ముక్కలు చేతిలో ఉంటాయి, మిగతావి అందరికీ ఉమ్మడిగా బల్ల మీద విడతలుగా తెరుస్తారు. రెండూ కలిపి జత, లేదా ఒకే రంగు ముక్కలు ఐదు, ఇలా కుదుర్చుకోవాలి. అక్కడ ఇంకో చిక్కుంది. చెక్ చేస్తే తర్వాతి ముక్క అవతలివాడికి ఉచితంగా దొరుకుతుంది. బల్ల మీద రాజు, తొమ్మిది, రెండు, మూడూ వేర్వేరు రంగులవి పడ్డాయి, మీ చేతిలో ఒక తొమ్మిది ఉంది, అంటే తొమ్మిదుల జత. ఇది మన రాణి లాంటిదే, చాలావరకు చెక్ చేయండి. కానీ మీ దగ్గర ఆసు, రాజు ఉండి, బల్ల మీద ఇంకో రాజుతో పాటు ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు నాలుగు పడ్డాయనుకోండి. అవతలివాడి చేతిలో రెండు ఇస్పేట్లుంటే అతనికి కనిపించని 47 ముక్కల్లో ఇంకా 9 ఇస్పేట్లున్నాయి. తర్వాతి ముక్కకే ఐదో ఇస్పేటు వచ్చి మీ రాజుల జతను ఓడించే అవకాశం 19 శాతం. మధ్యలో పది పిక్కలున్నప్పుడు మీరు ఐదు వేస్తే, అతను పదిహేను కోసం ఐదు కట్టాలి. మొత్తం ఇరవైలో అతను పెట్టేది ఐదు కాబట్టి, ఆ ఒక్క ముక్క వరకే చూస్తే అతనికి 25 శాతం అవకాశం ఉండాలి, అంత లేదు. అంటే కట్టినా నష్టపోయేవాడున్నాడు. మావయ్య ప్రశ్నకు ఇక్కడ జవాబుంది, కాబట్టి వేయండి.

లెక్క చాలు. ఇద్దరు పైకి రండి, తలో పది పిక్కలు తీసుకోండి. మిగతావాళ్లు వాళ్ల ముక్కలు చూడొద్దు, చేతులు చూడండి. రాణి ఎవరికొచ్చిందో చెప్పగలరేమో చూద్దాం.