తడి గుండెకు అతికే జిగురు

[తెరపై: ట్యూబ్‌లైటు పక్కన, సున్నం వేసిన గోడ మీద కదలకుండా ఉన్న బల్లి. కెమెరా మెల్లగా దాని ముందు కాలి దగ్గరికి వెళ్తుంది.]

వ్యాఖ్యాత: బల్లి మీద పడితే తలపై పడిందా, భుజంపై పడిందా అని చూసుకుని, పంచాంగం తిరగేసి ఫలితం తెలుసుకునే అలవాటు మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది. అది పడడం అంత అరుదు కాబట్టే పెద్దలు దాన్ని శకునంగా లెక్కించి ఉంటారని నాకు అనిపిస్తుంది. రాత్రంతా గోడ మీద, పైకప్పు మీద తలకిందులుగా పరుగెత్తే ఆ ప్రాణి కాలికి ఏ జిగురూ ఉండదు. అది నడిచిన చోట తడి మరక కూడా మిగలదు.

[తెరపై: బల్లి పాదం అడుగుభాగం. అడ్డంగా వరసలు తీరిన సన్నని మడతలు, వాటి మీద వెంట్రుకలు.]

బల్లుల జాతికే చెందిన టోకే అనే పెద్ద బల్లి పాదాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినప్పుడు, ఒక్కో పాదం మీద దాదాపు 5 లక్షల అతి సన్నని రోమాలు కనిపించాయి. ఒక్కొక్క రోమం కొన వందలాది పాయలుగా చీలి, ప్రతి పాయ చివర చిన్న తెడ్డులా వెడల్పై ఉంటుంది. ఇంత సన్నని కొనలు గోడకు అతి దగ్గరగా ఆనినప్పుడు, అణువుకూ అణువుకూ మధ్య సహజంగా ఉండే బలహీనమైన ఆకర్షణే లక్షల చోట్ల ఒకేసారి పనిచేసి బల్లి బరువును మోస్తుంది. ఈ బలాలను వాన్ డర్ వాల్స్ బలాలు అంటారు. కెల్లర్ ఆటమ్, ఆయన సహచరులు 2000లోనూ 2002లోనూ ప్రచురించిన పరిశోధనలు ఈ సంగతిని స్థిరపరిచాయి.

ఈ పాదాన్ని చూసి, గాయాన్ని మూసే పట్టీ ఒకటి చేయవచ్చా అని ఆలోచించిన వారిలో జెఫ్రీ కార్ప్ ఒకరు. కెనడా నుంచి వచ్చిన ఈ బయో ఇంజనీరు టొరంటో విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ పూర్తిచేసి, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లాంగర్ అనే శాస్త్రవేత్త దగ్గర పనిచేసి, ఆ తర్వాత బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్‌లో సొంత ప్రయోగశాల పెట్టుకున్నారు. ఆయన ప్రయోగశాల నుంచి వచ్చిన పనులను వరసగా చూస్తే, వాటిలో చాలావరకు ఒకే చిక్కు చుట్టూ తిరుగుతున్నాయని అర్థమవుతుంది: తడిగా, మెత్తగా, క్షణం కూడా ఆగకుండా కదులుతూ ఉండే శరీరానికి ఒక వస్తువును అతికించడం ఎలా?

ఇది పైకి చిన్న విషయంగా కనిపిస్తుంది. తడి చేతి వేలికి బ్యాండేజీ అంటించి చూడండి, అది రెండు నిమిషాల్లో జారిపోతుంది. శరీరం లోపల పొడిగా ఉండే చోటంటూ ఏదీ లేదు. అందుకే వందల ఏళ్లుగా సర్జన్లు సూదీ దారాన్నే నమ్ముకున్నారు. కుట్టు గట్టిదే, కానీ ప్రతి కుట్టూ ఒక కొత్త రంధ్రం. పేగునో రక్తనాళాన్నో కుట్టినప్పుడు ఆ రంధ్రాల గుండానే ద్రవం కారే ప్రమాదం ఉంటుంది.

[తెరపై: నానో స్థాయి స్తంభాలు వరసలుగా నిలబడ్డ రబ్బరు పొర, పెద్దది చేసి చూపిన చిత్రం.]

2008లో లాంగర్, కార్ప్ బృందాలు కలిసి, శరీరంలో క్రమంగా కరిగిపోయే ఒక రబ్బరు లాంటి పాలిమర్ మీద బల్లి పాదపు రోమాలను తలపించే అతి చిన్న స్తంభాలను అచ్చుపోశాయి. ఆ స్తంభాల వల్ల పట్టు పెరిగిన మాట నిజమే. అయితే బల్లి ఉపాయం పొడి గోడకు సరిపోయినంతగా తడి పేగుకు సరిపోదు, ఎందుకంటే మధ్యలో చేరిన నీటి పొర అణువులను అంత దగ్గరికి రానివ్వదు. అందుకని వాళ్లు ఆ స్తంభాల మీద ఆక్సీకరణ చెందించిన డెక్స్‌ట్రాన్ అనే చక్కెర జాతి పదార్థాన్ని పలుచగా పూశారు. అది కణజాలంలోని ప్రొటీన్లతో రసాయన బంధాలు ఏర్పరచుకుంటుంది. పంది పేగు మీద, ఎలుకల పొట్ట గోడ లోపల ఆ పట్టీ మునుపటి కంటే చాలా గట్టిగా నిలిచింది.

ఈ పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ డెక్స్‌ట్రాన్ పూత. బల్లి దగ్గర అటువంటి పూత లేదు. ప్రకృతిని చూసి నేర్చుకున్నామని చెప్పేవాళ్లు చాలామంది ఆకారాన్ని అనుకరించి అక్కడితో ఆగిపోతారు. ఇక్కడ మాత్రం బల్లి ఎక్కడి వరకు దారి చూపగలదో అక్కడి వరకే దాని వెంట నడిచి, ఆ పైన రసాయన శాస్త్రాన్ని ఆశ్రయించారు. తర్వాతి పనులన్నిటిలోనూ ఈ పద్ధతే కనిపిస్తుంది.

[తెరపై: ఏదుపంది ముల్లు కొన. కొనకు దగ్గరగా, పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న చిన్న కొక్కేలు.]

మన అడవుల్లో తిరిగే ఏదుపంది ముళ్లు నున్నగా ఉంటాయి. ఉత్తర అమెరికాలో ఉండే ఏదుపంది వేరు. దాని ఒంటి మీద సుమారు 30,000 ముళ్లు ఉంటాయి, ఒక్కొక్క ముల్లు చివరి 4 మిల్లీమీటర్ల మేర వెనక్కి తిరిగిన సూక్ష్మమైన కొక్కేలు ఉంటాయి. గాలపు కొక్కెంలా ఇవి ముల్లును బయటికి రానివ్వవు, అంతవరకు ఎవరైనా ఊహించగలరు. 2012లో కార్ప్ బృందం కొలిచి చూస్తే ఊహకు అందని సంగతి ఒకటి బయటపడింది. కొక్కేలున్న ముల్లు చర్మంలో దిగడానికి, కొక్కేలు అరగదీసిన ముల్లుకు కావలసిన బలంలో సుమారు సగం మాత్రమే సరిపోయింది.

కారణం మన పొలాల్లోనే ఉంది. నున్నని అంచున్న కత్తి కంటే కక్కులు పెట్టిన కొడవలి వరి దుబ్బును తేలికగా కోస్తుంది, ఎందుకంటే బలమంతా ఆ పళ్ల కొనల దగ్గర కేంద్రీకరించుకుంటుంది. ముల్లు మీది కొక్కేలు కూడా చర్మాన్ని అలాగే తక్కువ బలంతో చీలుస్తాయి. కండలో దిగిన తర్వాత ముల్లును వెనక్కి లాగితే అవే కొక్కేలు విచ్చుకుని, నున్నని ముల్లుతో పోలిస్తే దాదాపు నాలుగు రెట్ల బలాన్ని అడ్డుకున్నాయి. బృందం పాలియురేథేన్‌తో ఇటువంటి ముళ్లను పోతపోసి, అవి కూడా అలాగే పనిచేస్తాయని చూపింది. సులువుగా దిగే ఇంజెక్షన్ సూదులకూ, ఊడిరాని పట్టీలకూ ఇది ఉపయోగపడే ఆలోచన.

ఊడిరాని గుణమే ఒక్కోసారి ఇబ్బంది కూడా అవుతుంది. కాలిన గాయాల మీద సర్జన్లు వేరే చోటి చర్మాన్ని తెచ్చి పరిచి స్టేపుల్స్ కొడతారు. స్టేపుల్స్ నొప్పి పెడతాయి, వాటి మధ్య ఖాళీలు మిగులుతాయి, తీసేటప్పుడు మళ్లీ బాధ. ఇక్కడ కావలసింది గట్టిగా పట్టుకుని, వదలమన్నప్పుడు వదిలే వస్తువు. దానికి దారి చేపల పేగుల్లో బతికే ఒక పరాన్నజీవి దగ్గర దొరికింది. పాంఫోరింకస్ లేవిస్ అనే ఈ పురుగు ముళ్లున్న తన తొండాన్ని చేప పేగు గోడలో గుచ్చి, లోపలికి వెళ్లాక దాన్ని బుడ్డలా ఉబ్బించి తనను తాను బిగించుకుంటుంది.

[తెరపై: సూక్ష్మ సూదుల పట్టీ. సూది కొన తడి తగలగానే ఉబ్బడం.]

2013లో ప్రచురించిన పట్టీ మీద శంకువు ఆకారపు చిన్న సూదులు ఉంటాయి. వాటి లోపలి భాగం గట్టిగా ఉంటుంది, కొన మాత్రం నీరు తగిలితే ఉబ్బే పాలిమర్. పొడిగా ఉన్నప్పుడు సూది తేలికగా దిగుతుంది, కణజాలంలోని తేమ పీల్చుకుని కొన లావెక్కుతుంది. స్టేపుల్స్‌తో పోలిస్తే ఇది మూడు రెట్లకు మించిన పట్టు చూపింది. ఉబ్బిన కొన మెత్తబడుతుంది కాబట్టి తీసేటప్పుడు కండ పెద్దగా చిరగదు. అసహ్యం కలిగించే పరాన్నజీవిని కూడా ఓపికగా గమనించి కాలిన గాయాలున్నవారికి ఉపశమనం వెతికిన ఈ పనిని నేను ఎంతో గౌరవిస్తాను.

అతికించడానికి బదులు పట్టుకోవడం కోసం చేసిన ఒక పనిని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జెల్లీఫిష్ పొడవాటి టెంటకిల్స్‌తో నీటిలో కొట్టుకుపోయే ఆహారాన్ని ఒడిసిపట్టినట్టుగా, పొడవాటి డీఎన్‌ఏ పోగులను అమర్చిన సన్నని గొట్టం గుండా రక్తాన్ని పంపి, అందులోని లుకేమియా (రక్త క్యాన్సర్) కణాలను పట్టుకునే పరికరాన్ని 2012లో ఈ బృందం చూపింది.

[తెరపై: పుట్టుకతో గుండె గోడలో రంధ్రం ఉన్న శిశువు గుండె రేఖాచిత్రం.]

ఇప్పుడు గుండె దగ్గరికి వద్దాం. బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో గుండె శస్త్రచికిత్స విభాగానికి అధిపతిగా పనిచేసిన పెడ్రో డెల్ నీడో, పసిపిల్లల గుండెలోని రంధ్రాలను కుట్లు లేకుండా మూసే మార్గం కోసం కార్ప్‌ను సంప్రదించారు. శిశువు గుండె గోడ చాలా సున్నితమైనది, కుట్టు బిగిస్తే చిరగవచ్చు. లోపల రక్తం వేగంగా ప్రవహిస్తూ ఉంటుంది, గోడ నిమిషానికి వంద సార్లకు పైగా కొట్టుకుంటూ ఉంటుంది. వాడుకలో ఉన్న జిగుర్లలో సూపర్ గ్లూ వంటి సయనోఅక్రిలేట్ జాతివి తడి తగిలిన మరుక్షణమే బిగిసి, గట్టిపడి, కణజాలంతో పాటు వంగవు. రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్‌తో చేసే ఫైబ్రిన్ జిగురు సురక్షితమైనదే గాని, రక్తపు ఒత్తిడికి నిలబడేంత బలం దానికి లేదు. సర్జన్‌కు కావలసింది తాను పెట్టిన చోటే ఉండి, తాను చెప్పినప్పుడే బిగిసి, ఆ తర్వాత గుండెతో పాటు సాగే జిగురు.

కార్ప్ బృందం ఈసారి నత్తల వైపు, గుల్లలేని నత్తలైన స్లగ్‌ల వైపు, సముద్రపు ఒడ్డున ఇసుక రేణువులను అతికించి గూడు కట్టుకునే పురుగుల వైపు చూసింది. వీటి స్రావాలు చిక్కగా ఉంటాయి, నీటితో కలవకుండా దాన్ని తోసేస్తాయి, అందుకే తడి రాతి మీద కూడా కొట్టుకుపోవు. బల్లి పాదం ఇవ్వలేకపోయిన గుణం ఇదే.

ఈ గుణాలున్న పదార్థం కోసం వాళ్లు మళ్లీ 2008 నాటి పాత పాలిమర్‌నే తీసుకున్నారు. పాలీ గ్లిసరాల్ సెబకేట్ అక్రిలేట్ అనే ఈ పదార్థానికి మూలం గ్లిసరాల్, సెబాసిక్ ఆమ్లం. గ్లిసరాల్ మన ఒంట్లోని కొవ్వులో భాగమే. సెబాసిక్ ఆమ్లాన్ని పరిశ్రమల్లో ఆముదం నుంచి తయారుచేస్తారు. పాలమూరు, నల్గొండ చెలకల్లో వానాధారంగా పండే ఆముదానికీ గుండె ఆపరేషన్ బల్లకూ మధ్య ఇంత దగ్గరి దారి ఉందని తెలిసినప్పుడు నాకు నిజంగా ఆనందం కలిగింది.

[తెరపై: సర్జన్ చేతిలోని పట్టీ, దాని అంచుల మీద పారదర్శకమైన చిక్కటి ద్రవం. కాంతి వెలిగి, ఆరిపోతుంది.]

ఈ జిగురు తేనెలా చిక్కగా ఉంటుంది. పట్టీకి పూసి గుండె గోడ మీద పెడితే, రక్తాన్ని పక్కకు తోసి కణజాలపు పోగుల మధ్యకు ఇంకుతుంది. ఆ దశలో సర్జన్ పట్టీని జరపవచ్చు, సరిచేసుకోవచ్చు. సరైన చోట ఉందని తేల్చుకున్నాక అతినీలలోహిత కాంతిని కొద్ది సెకన్లు ప్రసరింపజేస్తే, ద్రవం సాగే రబ్బరుగా మారి, లోపలికి ఇంకిన చోటే కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులతో పెనవేసుకుని బిగుస్తుంది. 2014 జనవరిలో ప్రచురించిన ప్రయోగాల్లో, కొట్టుకుంటున్న పంది గుండె లోపలి గోడకు ఇలా అతికించిన పట్టీ, మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి కలిగించినా 24 గంటల పాటు ఊడలేదు. పంది మెడలోని ధమనికి పెట్టిన గాటును కూడా ఈ జిగురు ఒక్కటే మూసింది.

ప్రయోగశాలలో గెలవడానికీ ఆపరేషన్ థియేటర్‌కు చేరడానికీ మధ్య చాలా ఏళ్లు పడుతుంది. పాలిమర్‌ను ప్రతిసారీ ఒకే చిక్కదనంతో తయారుచేయగలగాలి, క్రిమిరహితం చేసినా దాని గుణం మారకూడదు, ఒంట్లో కరిగినప్పుడు హాని చేయకూడదు. ఈ పని కోసం పారిస్‌లో ఒక సంస్థ ఏర్పడింది. బల్లిని తలచుకుని దానికి మొదట గెకో బయోమెడికల్ అని పేరు పెట్టారు, ఇప్పుడు దాని పేరు టిస్సియం. ఈ సంస్థ జిగురుకు 2017లో యూరప్ అనుమతి వచ్చింది. రక్తనాళాన్ని కుట్టిన చోట కారకుండా, కుట్లకు తోడుగా పూయడానికి ఆ అనుమతి.

[తెరపై: తెగిన నరం రెండు కొసలు. వాటి మీద చిన్న పారదర్శకమైన గొట్టం.]

2025లో అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఇదే కుటుంబానికి చెందిన పాలిమర్‌తో చేసిన మరో పరికరానికి అనుమతినిచ్చింది. అది చేతి వేళ్ల వంటి చోట్ల తెగిన నరాలను కలపడానికి ఉపయోగపడుతుంది. ఇంతకు ముందు సర్జన్ వెంట్రుక కంటే సన్నని దారంతో, సూక్ష్మదర్శిని కింద, నరపు పొరను కుట్టేవారు. ఇప్పుడు నరం రెండు కొసలను ఒక చిన్న గొట్టంలో ఎదురెదురుగా ఉంచి, పైన జిగురు వేసి, కాంతి చూపిస్తారు. ద్రవం బిగుస్తుంది. నరంలో సూది దిగదు.