అదురు తీసేశారు, మళ్లీ తెచ్చారు: హోండా షాడోపై చర్చ

యాంకర్: నమస్కారం. జపాన్ మిడ్ సైజ్ క్రూయిజర్, అంటే కాళ్లు ముందుకు చాచి నింపాదిగా నడిపే బైక్, అనగానే మన దగ్గర చాలామందికి కవాసాకి వల్కన్ ఎస్ గుర్తొస్తుంది. ఇవాళ మాత్రం అంతకు మూడు దశాబ్దాల ముందు, 1983లో హోండా అమెరికాలో దింపిన షాడో 750 గురించి మాట్లాడుకుందాం. స్టూడియోలో మెకానికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్, ఆటోమొబైల్ జర్నలిస్టు, టెక్సస్‌లో బైక్ వర్క్‌షాప్ నడిపి వచ్చిన మెకానిక్ ఉన్నారు. ప్రొఫెసర్ గారూ, చూడ్డానికి అమెరికా క్రూయిజర్ హార్లీలా ఉంది. లోపల కూడా అంతేనా?

ప్రొఫెసర్: కాదండి. రెండింట్లోనూ సిలిండర్లు 45 డిగ్రీల వీ ఆకారంలో ఉంటాయి, పోలిక అక్కడితో సరి. హార్లీలో పిస్టన్ల కింది రెండు కనెక్టింగ్ రాడ్లూ క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ఇరుసు) మీదున్న ఒకే పిన్నుకి తగిలించి ఉంటాయి. పిస్టన్లు దాదాపు కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. క్రాంక్‌కి కౌంటర్ వెయిట్, అంటే ఎదురు బరువు, ఎంత పెట్టినా ఆ అదురు పూర్తిగా పోదు. వీ కోణం 90 డిగ్రీలుంటే ప్రధానమైన అదురంతా కౌంటర్ వెయిట్‌తోనే పోతుంది. డుకాటీ దారి అది. కానీ అలాంటి ఇంజిన్ బాగా పొడుగవుతుంది, క్రూయిజర్ ఫ్రేములో పొందిగ్గా ఇమడదు.

యాంకర్: మరి హోండా ఏం చేసింది?

ప్రొఫెసర్: సిలిండర్లను 45 దగ్గరే ఉంచి, క్రాంక్ పిన్నును రెండు చేసి, ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాతో పెట్టారు. లెక్క తేలిక. 180లోంచి వీ కోణానికి రెట్టింపు తీసేస్తే పిన్నుల మధ్య తేడా వస్తుంది. 45కి 90 వస్తుంది, హోండాదే ట్రాన్సాల్ప్ బైక్‌లాంటి 52 డిగ్రీల ఇంజిన్‌కి 76 వస్తుంది. అదురు తగ్గించడానికి విడిగా బ్యాలెన్సర్ షాఫ్ట్ అక్కర్లేదు. అయితే రెండు పిన్నుల మధ్య సన్నటి ఉక్కు గోడే మిగులుతుంది. భారమంతా దాని మీదే. అక్కడ ఫోర్జింగ్‌లో, అంటే ఉక్కును అదిమి మలచడంలో, లోపం ఉంటే క్రాంక్ విరుగుతుంది. నా దృష్టిలో ఆ బండిలో అసలైన డిజైన్ ట్యాంకూ సీటూ కాదు, ఆ గోడే.

జర్నలిస్టు: నేను ఒప్పుకోను సార్. క్రూయిజర్ కొనేవాడు లెక్క చూసి కొనడు. హార్లీలో ఒక పేలుడుకీ ఇంకోదానికీ మధ్య 315 డిగ్రీలు, ఆ తర్వాత 405. ఆ కుంటి లయ కోసమే జనం డబ్బు పెడతారు. హోండా పిన్నులు విడదీయగానే లయ మారిపోయింది. ఇది ఎంత పెద్ద విషయమంటే, 1994లో హార్లీ తన ఎగ్జాస్ట్ శబ్దానికే ట్రేడ్‌మార్క్ అడిగింది. పోటీ కంపెనీలు అడ్డం పడ్డాయి, 2000లో హార్లీ ఆ ప్రయత్నం మానుకుంది. ఈలోగా 1995లో హోండా షాడో ఏసీఈ 1100ని ఒకే పిన్నుతో తెచ్చింది. అదురు తిరిగొస్తుందని తెలిసే తెచ్చింది.

ప్రొఫెసర్: తెచ్చింది, నాకు అదే బాధ. సాధించినదాన్ని చేజేతులా వదులుకోవడమే కదా!

జర్నలిస్టు: కాదు సార్, నడిపేవాడి మాట విన్నారు. అదీ ఇంజనీరింగే.

యాంకర్: ఒక్క నిమిషం. 750 ఉన్నట్టుండి 700 ఎందుకైంది?

జర్నలిస్టు: రాజకీయం. 1983లో అమెరికాలో రీగన్ ప్రభుత్వం హార్లీని ఆదుకోవడానికి 700 సీసీ దాటిన విదేశీ బైకుల మీద మొదటి ఏడాదికి 45 శాతం అదనపు సుంకం వేసింది. మరుసటి ఏడాదికే హోండా 694 సీసీ షాడో తెచ్చింది. యమహా కూడా తన క్రూయిజర్ విరాగోని 700లోపుకి దించింది. ఆ సుంకం ఇక చాలని 1987లో హార్లీయే అడిగింది.

యాంకర్: మెకానిక్ గారూ, వర్క్‌షాప్‌లో ఈ బండి ఎలా ఉండేది?

మెకానిక్: మాకు పని తక్కువ పెట్టే బండి సార్. వాల్వుల సందును ఆయిల్ ఒత్తిడితో వాటంతటవే సరిచేసే హైడ్రాలిక్ లిఫ్టర్లు కాబట్టి టాపెట్ సెట్టింగ్ లేదు. వెనక చక్రాన్ని ఇరుసుతో తిప్పే షాఫ్ట్ డ్రైవ్ కాబట్టి చైన్ గోల లేదు. ఇరుకు వీలో వెనక సిలిండర్‌కి గాలి సరిగ్గా తగలదు, అందుకే నీళ్ల కూలింగ్ పెట్టారు. రేడియేటర్ మాత్రం ఫ్రేము ముందు గొట్టాల మధ్య సన్నగా దాచేశారు. పక్కనుంచి చూస్తే సిలిండర్ ఫిన్లే కనిపిస్తాయి, ఎయిర్ కూల్డ్ బండేమో అనుకుంటారు.

యాంకర్: వల్కన్ ఎస్ సంగతి?

జర్నలిస్టు: అది నింజా 650 కుటుంబంలోని 649 సీసీ ప్యారలల్ ట్విన్, అంటే రెండు సిలిండర్లూ పక్కపక్కనే ఉండే ఇంజిన్. వీ వేషం వేయలేదు, ఆ నిజాయితీ నాకు నచ్చింది. సీటు ఎత్తు 705 మిల్లీమీటర్లే. ఫుట్‌పెగ్‌లను మనిషి ఎత్తును బట్టి ముందుకీ వెనక్కీ జరపొచ్చు.

ప్రొఫెసర్: ఇందులో మాత్రం మేడమ్‌తో ఏకీభవిస్తా.

యాంకర్: డాలస్ నుంచి ఒక ప్రేక్షకుడు అడుగుతున్నారు. పాత షాడో 700 కొనబోతున్నారట. ఏం చూసుకోవాలి?

మెకానిక్: ముందు చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించండి. టిక్ టిక్ శబ్దం కాసేపట్లో ఆగిపోతే పర్వాలేదు. వేడెక్కాక కూడా వస్తుంటే లిఫ్టర్లకు ఆయిల్ సరిగ్గా అందడం లేదేమో చూడాలి. తర్వాత వెనక టైరు ఎప్పుడు మార్చారో అడగండి. చక్రం విప్పినప్పుడల్లా ఫైనల్ డ్రైవ్ స్ప్లైన్లకు, అంటే షాఫ్ట్‌నీ చక్రాన్నీ కలిపే పళ్లకు, మాలీ పేస్ట్ అనే గ్రీజు పూయాలి. చాలామంది టైరు మార్చి ఊరుకుంటారు, పళ్లు అరిగిపోతాయి. కుదిరితే చక్రం తీయించి ఆ పళ్లు చూడండి. కొస కత్తిలా పదునెక్కి ఉంటే, ధర ఎంత తగ్గించినా ఆ బండి వద్దు.