చిన్న ఇంజన్ కదండీ

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, వాహనాల మరమ్మతులో శిక్షణ పొందుతున్న విద్యార్థులకు, ఏళ్ల తరబడి నాతోపాటు చేతులకు నూనె మరకలతో బతుకుతున్న సహోద్యోగులకు నమస్కారం. పరిచయ వాక్యాల్లో నా గురించి చెప్పిన మంచి మాటలకు సగానికి సగం కోత వేసుకోవలసిందిగా మనవి. నాకు ఇచ్చిన అంశం ‘చిన్న కార్ల పెట్రోలు ఇంజన్లు: సాంకేతిక లక్షణాలు, మన్నిక’. ఇందులో మొదటి సగం మీ పాఠ్యపుస్తకాల్లో ఉంది గనుక దాన్ని త్వరగా దాటేసి, రెండో సగంలో నన్ను చాలాకాలంగా బాధిస్తున్న ఒక్క విషయం దగ్గర ఎక్కువసేపు నిలబడతాను.

మన దేశంలో చిన్న ఇంజన్ అనగానే గుర్తొచ్చేది మారుతి 800లోని 796 సీసీ ఇంజన్. 1983 డిసెంబరులో మొదటి కారు తాళాలు యజమాని చేతికి అందిన నాటి నుంచి 2014 జనవరిలో ఉత్పత్తి ఆగేదాకా, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ పోయి, ఒక్కో సిలిండరుకు విడిగా పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ వచ్చినా, మూడు సిలిండర్ల ఆ మూల రూపం మారలేదు. ఒక్కో సిలిండర్ బోరు, అంటే లోపలి వ్యాసం, 68.5 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 72 మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెలు తీసుకుని ఎవరైనా లెక్క వేసుకుంటే సిలిండరుకు 265 సీసీ చొప్పున మొత్తం 796 తేలుతుంది. ఎంపీఎఫ్ఐ రకం ఇచ్చిన శక్తి 37 హార్స్‌పవర్, అంటే లీటరుకు 46 చిల్లర. ఈనాటి లీటరు టర్బో ఇంజన్లు వంద దాటి ఇస్తున్న కాలంలో ఆ అంకె వింటే నవ్వొస్తుంది గానీ, ఆ ఇంజన్ అన్నేళ్లు మన్నడానికి పెద్ద కారణం ఆ అంకెలోనే ఉందని నేను నమ్ముతాను. నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతున్నప్పుడు కూడా దాని పిస్టన్ సగటు వేగం సెకనుకు 12 మీటర్లే. లోహం తట్టుకోగలిగిన హద్దుకు చాలా ఇవతలే ఆగిపోయే పిస్టన్ అది.

మూడు సిలిండర్ల గురించి ఒక మాట. సిలిండర్ తగ్గితే దాని రింగులూ బేరింగులూ కూడా తగ్గుతాయి గనుక రాపిడి తగ్గి పెట్రోలు ఆదా అవుతుంది. పిస్టన్ల కదలికను చుట్లుగా మార్చే క్రాంక్ షాఫ్ట్ మీది పిన్నులు 120 డిగ్రీల ఎడంతో ఉండడం వల్ల ప్రతి 240 డిగ్రీలకూ ఒక సిలిండర్ మండుతుంది, పైకీ కిందికీ లాగే బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. రద్దు కానిది ఒక్కటే: ఇంజన్ ఈ కొస పైకి, ఆ కొస కిందికి ఊగే గుణం. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ తిరుగుతున్నప్పుడు, గేరు రాడ్డు వణుకుతోందని వచ్చిన కస్టమరుకు ఇంజన్ చెడిపోయిందని చెప్పకండి. ముందు ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బర్లు చూడండి.

ఇక మన్నిక. కారు గంటకు సగటున 40 కిలోమీటర్ల చొప్పున లక్ష కిలోమీటర్లు తిరగాలంటే 2,500 గంటలు పడుతుంది. నిమిషానికి 2,500 చుట్లని వేసుకున్నా ఆ గంటల్లో క్రాంక్ షాఫ్ట్ ముప్పై ఏడున్నర కోట్ల సార్లు తిరుగుతుంది. అన్ని చుట్లూ తిరిగేది మూడు లీటర్ల లోపు నూనె మీద. పెద్ద ఇంజన్‌లో అర లీటరు తగ్గితే చెల్లుతుందేమో గానీ ఇక్కడ అర లీటరంటే ఆరో వంతు. రోజూ రెండు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోయే కారులో నూనె సరిగ్గా వేడెక్కదు, లోపల చేరిన తేమ ఆవిరి కాదు. ఫిల్లర్ మూత తీసి చూస్తే అడుగున మీగడలాంటి తెల్లటి తెట్టె కనిపిస్తుంది. తక్కువ తిరిగిన కారని మురిసిపోయేవాళ్లకు ఆ మూత తిప్పి చూపించండి. వాల్వులను పిస్టన్ల కదలికతో జత కలిపి నడిపే టైమింగ్ బెల్ట్ గురించి విడిగా ప్రసంగమే కావాలి. తయారీదారు చెప్పిన గడువుకు మార్చండి, అది తెగితే కొన్ని ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు గుద్దుకుంటాయని మరచిపోకండి. ఈ రోజుకు ఇంతే.

నేను చెప్పదలచింది వేడి గురించి. పెట్రోలులోని శక్తిలో చక్రాలకు చేరేది ఎంత తక్కువో మీకు తెలుసు. మిగిలిన వేడిలో పెద్ద భాగం పొగగొట్టం గుండా పోతే, అంతకు తీసిపోని మరో భాగాన్ని నీరు మోయాలి. ఆ నీరు మరగకుండా రేడియేటర్ మూత దాదాపు 0.9 బార్ పీడనం పట్టి ఉంచుతుంది గనుక ఒట్టి నీరు కూడా 118 డిగ్రీల దాకా మరగదు, కూలెంట్ కలిపితే ఇంకాస్త పైకి వెళ్తుంది. అంటే ఆ మూత అడుగున ఉన్న చిన్న రబ్బరు వాషరు, గొట్టాలను బిగించిన క్లిప్పులు, ఇవి పట్టు వదిలిన క్షణాన మరిగే హద్దు కిందికి దిగిపోతుంది. సిలిండర్ల పైన మూతలా కూర్చునే హెడ్ అల్యూమినియంది, ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. బోల్టులు కదలనివ్వవు, లోహం ఆగదు. అందుకే వంగుతుంది.

ఇప్పుడు నా సొంత అనుభవం చెప్పడానికి సిగ్గుపడుతూనే చెబుతున్నాను. నా దగ్గర ఒక చిన్న కారు ఉండేది, దాని పేరు అనవసరం. అందులో ఉష్ణోగ్రత చూపే ముల్లు లేదు, ఎర్ర దీపం ఒక్కటే ఉంది. పాత 800లో పెట్రోలు ముల్లుతో పాటు ఉష్ణోగ్రత ముల్లు కూడా ఉండేదని, దాన్ని చూస్తూనే మా తరం డ్రైవింగ్ నేర్చుకుందని ఇక్కడ చెప్పుకోవాలి. మా పెద్దక్కను, బావగారిని, పిల్లలిద్దరినీ ఎక్కించుకుని ఘాట్ రోడ్డు ఎక్కుతున్నాను. మూడో మలుపు దగ్గర అక్క, “తమ్ముడూ, ఎక్కడో బెల్లం పాకం మాడుతున్నట్టు వాసన వస్తోందిరా” అంది. కూలెంట్‌లోని గ్లైకాల్ వేడి లోహం మీద పడితే సరిగ్గా అలాంటి తియ్యటి వాసనే వస్తుందని ఏళ్లుగా పాఠం చెబుతున్నవాణ్ణి నేను. డాష్‌బోర్డు వైపు చూశాను, దీపం వెలగలేదు. “ఏమీ లేదక్కా, అడవిలో ఏదో” అన్నాను. మరో రెండు కిలోమీటర్లకు బండి లాగడం తగ్గింది, యాక్సిలరేటర్ నొక్కితే గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు వచ్చింది, ఆపై ఇంజన్ తనంతట తానే ఆగిపోయింది. అప్పటికీ దీపం వెలగలేదు.

ఎందుకు వెలగలేదో గమనించండి. కింది గొట్టం క్లిప్పు తుప్పు పట్టి సడలింది, నీరు కొద్దికొద్దిగా కారి ఖాళీ అయింది. సెన్సరు కొలిచేది తనను తడుపుతున్న నీటి వేడిని. నీరే లేనప్పుడు అది ఆవిరిలోనో గాలిలోనో నిలబడి, పక్కనే లోహం కాగిపోతున్నా, తన దాకా చేరిన కొద్దిపాటి వేడినే చెబుతుంది. దీపం వెలగవలసిన అంకె దానికి అందలేదు.

బండిని లాగించుకుని సర్వీసుకు ఇస్తే అక్కడి అడ్వైజరు, నేనెవరో తెలియక, ఎంతో సానుభూతితో ఒక మాట అన్నాడు: “చిన్న ఇంజన్ కదండీ, అయిదుగురితో ఘాట్ ఎక్కితే తట్టుకోదు.” హెడ్ వంగిందని చెప్పినప్పుడు నాకు బాధ కలగలేదు, ఈ మాటకు కలిగింది. ఆ ఇంజన్ అంతకుముందు అదే ఘాట్‌ను అదే బరువుతో ఎన్నిసార్లు ఎక్కిందో నాకు తెలుసు. తప్పు ఒక క్లిప్పుది, పాఠం తెలిసీ వాసనను కొట్టిపారేసిన నాది, ముల్లును తీసేసి దీపం పెట్టినవారిది. నింద మాత్రం ఇంజన్ సైజు మీద పడింది. ఈ మాట మన వృత్తిలో ఎంత తేలిగ్గా నోట వస్తుందంటే, నూనె లేక బేరింగు పోయినా చిన్న ఇంజనే, గాలి ఫిల్టరు మార్చక సిలిండర్ గోడ అరిగి బోరుకు వచ్చినా చిన్న ఇంజనే.

మీలో చురుకైనవారు ఈపాటికి నన్ను ఆపి అడగాలి: నీరు లేనప్పుడు దీపం పనిచేయకపోతే ముల్లు మాత్రం ఏం చేస్తుంది, అదీ ఆ సెన్సరు చెప్పిందే కదా చూపేది అని. న్యాయమైన ప్రశ్న. ముల్లు కూడా సరైన వేడి చూపదు, నిజమే. కానీ ఘాట్ ఎక్కుతున్న బండిలో మధ్యలో నిలబడి ఉన్న ముల్లు ఒక్కసారిగా కిందికి పడిపోతే, లేదా పైకీ కిందికీ ఊగితే, అది డ్రైవరుకు వార్తే. ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ చల్లబడడమేమిటని కనీసం సందేహిస్తాడు. వెలగని దీపం మాత్రం అంతా బాగున్నప్పుడూ, అంతా పోయినప్పుడూ ఒకేలా ఉంటుంది. చాలా కొత్త కార్లలో ముల్లు ఉన్నా, చిన్నచిన్న హెచ్చుతగ్గులకు యజమాని కంగారు పడకుండా దాన్ని మధ్యలోనే నిలబడేలా చేస్తున్నారు. అది కూడా నాకు నచ్చదు. ఇక రిజర్వ్ ట్యాంకులో నీటి మట్టం పడిపోతే చెప్పే తేలే స్విచ్చి చాలా చవకైన వస్తువు. దాన్ని ఖరీదైన కార్లకే దాచుకోవడం దేనికో నాకు అర్థం కాదు.

ఇక్కడ కాసేపు ప్రసంగం ఆపుతాను. సొంత బండి ఉన్నవారు, లేదా ఇంట్లో బండి ఉన్నవారు, ఈ వారంలో ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రిజర్వ్ ట్యాంకు గీతలు చూసినవారు చేతులెత్తండి. ముందు వరుసలో రెండు, అటు చివర ఒకటి. సరే, దించండి. నేనూ ఆ రోజు ఎత్తగలిగేవాణ్ణి కాదు.

ఆ కారు అమ్మేశాను గానీ దాని హెడ్‌ను మాత్రం ఉంచుకున్నాను, ఈ బల్ల మీద ఉన్నది అదే. పక్కన స్ట్రెయిట్ ఎడ్జ్ అనే తిన్నని బద్ద, సందును కొలిచే పలుచని ఉక్కు ఆకుల ఫీలర్ గేజు పెట్టాను. ఇలాంటి హెడ్లకు సాధారణంగా ఒప్పుకునే వంపు 0.05 మిల్లీమీటర్ల దాపుల్లో ఉంటుంది. రెండో సిలిండర్ దగ్గర బద్దకూ హెడ్‌కూ మధ్య 0.20 మిల్లీమీటర్ల ఆకు ఏ అడ్డూ లేకుండా దూరిపోతుంది. కళ్లతో చూస్తే బల్లపరుపుగానే కనిపిస్తుంది కాబట్టి నా మాట నమ్మవద్దు. వరుసగా రండి, ముందు చేతులు తుడుచుకోండి, ఆకును ఒక్కొక్కరూ మీ చేత్తోనే దూర్చి చూడండి.