అమ్మ ఫోన్‌కి తాళం ఎలా?

[తెర మీద: రాత్రి 8:40. వంటింటి గట్టు మీద మోగుతున్న ఫోన్.]

స్కూల్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పడింది. రేపటి హోంవర్క్. మీరు పొయ్యి దగ్గర ఉన్నారు. "అమ్మా, ఫోన్ ఇవ్వవా, రాసుకోవాలి" అన్నాడు మీవాడు. ఇచ్చారు. ఇవ్వక ఏం చేస్తారు? తొమ్మిదింపావుకి వెళ్లి చూస్తే నోట్‌బుక్‌లో రెండు లైన్లున్నాయి, ఫోన్‌లో రీల్స్ నడుస్తున్నాయి.

పిల్లల ఇంటర్నెట్ అదుపు గురించి చేసే వీడియోలు చాలావరకు పిల్లవాడికి సొంత ఫోన్ ఉందనుకుని మొదలవుతాయి. మన ఇళ్లలో చాలాచోట్ల లెక్క వేరు. వాడి చేతిలో ఉండేది అమ్మ ఫోన్. అందులోనే ఫోన్‌పే, అందులోనే పెద్దమ్మ పంపే వాయిస్ మెసేజ్‌లు, అందులోనే స్కూల్ గ్రూపు. ఈ వీడియో ఆ ఫోన్ గురించి.

నేనేదో అన్నీ తెలిసి చెప్తున్నానని అనుకోకండి. మా అమ్మాయికి పదేళ్లు. దానివల్ల ఒకే నెలలో నాలుగుసార్లు ఫోన్ పిన్ మార్చాను. నాలుగుసార్లూ తెరిచేసింది. ఎలాగో చివర్లో చెప్తాను.

[తెర మీద: ఫ్యామిలీ లింక్ యాప్]

గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ ఉచితం. 13 ఏళ్లలోపు పిల్లల పేరు మీద గూగుల్ అకౌంట్ తెరిచి, మీ అకౌంట్‌కి కలుపుతారు. రోజుకి ఎంతసేపు వాడొచ్చు, రాత్రి ఎన్నింటికి ఆగిపోవాలి, ఏ యాప్ వేసుకోవచ్చు, అన్నీ మీ ఫోన్ నుంచే చూసుకోవచ్చు. ఐఫోన్లలో 2018లో వచ్చిన స్క్రీన్ టైమ్ సెట్టింగ్‌తోనూ ఇలాంటి హద్దులు పెట్టొచ్చు. రెండూ బాగానే పనిచేస్తాయి, కాకపోతే ఆ ఫోన్ పిల్లవాడి అకౌంట్‌తో నడవాలి. అమ్మ ఫోన్ అమ్మ అకౌంట్‌తో నడుస్తుంది కదా! అంటే యూట్యూబ్ లెక్కలో అక్కడ గేమ్ వీడియోలు చూస్తున్నది నలభై ఏళ్ల ఆవిడ. అందుకే మీకు మైన్‌క్రాఫ్టూ, వాడికి చీరల లైవ్‌లూ కనిపిస్తుంటాయి.

ఈ చిక్కులో ప్రభుత్వాలే పడ్డాయి. దక్షిణ కొరియా 2011లో చట్టం తెచ్చింది. 16 ఏళ్లలోపు పిల్లలకి అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా ఆన్‌లైన్ గేమ్స్ బంద్. పిల్లలు ఊరుకున్నారా? అమ్మానాన్నల గుర్తింపు నంబర్లతో లాగిన్ అయ్యారు. పైగా ఆ చట్టం చూసింది ముఖ్యంగా కంప్యూటర్ గేమ్స్‌ని. ఈలోగా ఆట ఫోన్లలోకి వచ్చేసింది. 2021లో ఇక దీన్ని ఎత్తేద్దామని నిర్ణయించారు.

మన దగ్గర బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే తుపాకుల ఆటలో 18 ఏళ్లలోపు వాళ్లకి రోజుకి 3 గంటలే అని పరిమితి పెట్టారు. పెద్దవాళ్ల నంబరుకి ఓటీపీ కూడా పంపిస్తారు. ఆ ఓటీపీ ఏ ఫోన్‌కి వస్తుంది? వాడు పట్టుకున్న ఫోన్‌కే! 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. పిల్లలకి గురిపెట్టి ప్రకటనలు వేయకూడదని కూడా అంటోంది. మంచి చట్టమే. కానీ అనుమతి అడిగేదీ, ఆట ఆడేదీ ఒకే ఫోన్ అయితే, "సరే" నొక్కే వేలు ఎవరిది?

[తెర మీద: బీరువా అరలో పాత ఫోన్]

నాకు తెలిసి అన్నిటికంటే బాగా పనిచేసేది పాత ఫోన్. తెర కాస్త పగిలిందని పక్కన పడేసింది ఉంటుంది కదా, అది. మరీ పాతదైతే ఫ్యామిలీ లింక్ ఎక్కదు, చూసుకోండి. సిమ్ తీసేయండి. మొత్తం రీసెట్ చేసి పిల్లవాడి అకౌంట్‌తో మొదలుపెట్టండి. సిమ్ లేదు కాబట్టి ఇంటి వైఫై ఉంటేనే నెట్. వైఫై లేకపోతే మీరు హాట్‌స్పాట్ పెడితేనే. కుళాయి మీ చేతిలో ఉంటుంది. ఒక్క జాగ్రత్త: యూట్యూబ్ యాప్ ఆపేస్తే బ్రౌజర్‌లో తెరవాలని చూస్తారు. ఫ్యామిలీ లింక్‌లో వెబ్‌సైట్లు ఆపే జాబితా కూడా ఉంది, యూట్యూబ్ పేరు అక్కడా రాయండి.

వైఫై ఉన్నవాళ్లు ఇంకో పని చేయొచ్చు. రౌటర్ సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్ అనే చోట 1.1.1.3, దాని కింద 1.0.0.3 అని పెట్టండి. ఇది క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లు 2020లో మొదలుపెట్టిన ఉచిత సేవ. సైట్ పేరు చెప్తే దాని చిరునామా ఇచ్చేదే డీఎన్‌ఎస్. అశ్లీల సైట్ల చిరునామా అడిగితే ఇది ఇవ్వదు. రీల్స్‌ని మాత్రం ఆపదు. మొబైల్ డేటా వాడినా, వీపీఎన్, అంటే నెట్‌ని వేరే దారిలో తిప్పే యాప్, వేసినా దీని పని అయిపోయినట్టే.

పాత ఫోన్ లేదు, అమ్మ ఫోనే దిక్కు అంటారా? ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ ఉంది, అంటే ఫోన్‌ని ఒక్క యాప్‌కే కట్టేయడం. ఒక్కో కంపెనీ ఒక్కోచోట దాస్తుంది కాబట్టి సెట్టింగ్స్‌లో పైన "పిన్" అని వెతకండి. హోంవర్క్ ఫొటోని గ్యాలరీలో తెరిచి, గ్యాలరీని పిన్ చేసి ఇవ్వండి. బయటికి రావాలంటే లాక్ అడిగేలా పెట్టండి. వాట్సాప్‌ని మాత్రం పిన్ చేసి ఇవ్వకండి, మీ ఆడపడుచు గురించి రాసినవన్నీ చదివేస్తాడు.

ఇంకా తేలికైన దారి, ఆ ఫొటో చూసి మీరే ఒక కాగితం మీద రాసివ్వడం. నవ్వకండి, మా ఇంట్లో పనిచేసింది.

ఎంతసేపు ఇవ్వాలంటే, భారత పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ చెప్పింది: రెండేళ్లలోపు అసలు వద్దు, 2 నుంచి 5 ఏళ్లకి రోజుకి గంట మించొద్దు, 5 నుంచి 10 ఏళ్లకి రెండు గంటల లోపు.

[తెర మీద: బడి గేటు]

ఇక బడి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలకి ట్యాబ్‌లు ఇచ్చారు, పాఠాలు తప్ప వేరేవి తెరవకుండా తాళం సాఫ్ట్‌వేర్ వేసి. 2023 ఆగస్టులో అదే ప్రభుత్వం పిల్లలు బడికి సెల్‌ఫోన్లు తేకూడదని, టీచర్లు క్లాసులో వాడకూడదని చెప్పింది. గేటు దగ్గర ఫోన్ ఆపడం సులువే. కానీ పగలు ఫోన్ వద్దన్న బడే రాత్రి 8:40కి హోంవర్క్ వాట్సాప్‌లో పంపితే? పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి అడిగాక ఈ ఒక్కటీ అడగండి: "హోంవర్క్ డైరీలో రాయించగలరా? గ్రూపులో పెట్టక తప్పదంటే సాయంత్రం ఆరులోపు పెడతారా?" ఒక్కరు అడిగితే విసుక్కుంటారు. పదిమంది అడిగితే రాయిస్తారు.

పద్నాలుగు, పదిహేనేళ్ల వాళ్ల సంగతి వేరు. తెలియకుండా చాట్‌లు చూపించే యాప్‌లు వేయడం నాకు నచ్చదు. దొరికిపోయిన రోజు నుంచి వాళ్లు మీకేమీ చెప్పరు. చూస్తున్నానని చెప్పే చూడండి. ఇంకో మాట కూడా ముందే చెప్పిపెట్టండి: "ఎవరైనా ఫొటోలతో బెదిరిస్తే నా దగ్గరికి రా, ఫోన్ లాక్కోను." లాక్కుంటారన్న భయంతోనే చాలామంది నోరు విప్పరు. అలా జరిగితే మెసేజ్‌లు తీసేయకుండా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. డబ్బు పోతే 1930.

[తెర మీద: సెట్టింగ్స్‌లో వేలిముద్రల జాబితా]

ఇంతకీ నా నాలుగు పిన్‌లు. పిన్ మారిస్తే వేలిముద్రలు చెరిగిపోవు. నా జాబితాలో మూడున్నాయి. రెండు నావి. మూడోది మా అమ్మాయిది. ఎప్పుడు పెట్టుకుందని అడిగితే, కొత్త ఫోన్ కొన్నరోజు "ఈ సెటప్ ఏంటో చూడమ్మా" అని నేనే దాని చేతికిచ్చానని గుర్తుచేసింది.